ఫాక్స్‌ప్రో నుంచి బయటపడిన వైనం - నా అనుభవం

తిరుపతి కొర్లగుంటలో ఒక మేడ మీది గదిలో 2005లో మేం ముగ్గురం సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టాం. కంపెనీ అనడం పెద్ద మాటే. మూడు కంప్యూటర్లు, ఒక డాట్ మాట్రిక్స్ ప్రింటర్, ఊళ్లు తిరగడానికి ఒక బండి. లాడ్జీలకు, తాకట్టు దుకాణాలకు, చిత్తూరు బెల్లం మండీలకు లెక్కల ప్రోగ్రాములు రాసిచ్చేవాళ్లం. అన్నీ విజువల్ ఫాక్స్‌ప్రోలోనే. లెక్కలు, జాబితాలు దాచిపెట్టి వాడుకునే ప్రోగ్రాములు రాయడానికి మైక్రోసాఫ్ట్ చేసిన సాధనం అది.

2007 మార్చిలో మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. ఫాక్స్‌ప్రో 9 తర్వాత ఇక కొత్త వెర్షన్ లేదు, 9కి సపోర్టు 2015 జనవరి దాకా. ఆ రాత్రి బాగా టెన్షన్ పడ్డాం. తెల్లారి చూస్తే ప్రోగ్రాములన్నీ ఎప్పట్లాగే నడుస్తున్నాయి. మా కొంప ముంచింది అదే. ఇంకా ఎనిమిదేళ్లుంది కదా అని ఊరుకున్నాం. కస్టమర్ల దగ్గర మాట ఎత్తితే, "బాగానే జరుగుతా ఉండాది కదా సామీ, మళ్లా దుడ్లెందుకు?" అనేవాళ్లు. దానికి నా దగ్గర జవాబు ఉండేది కాదు. నిజంగానే బాగా జరుగుతోంది మరి.

చివరికి మమ్మల్ని కదిలించింది సపోర్టు ఆగిపోవడం కాదు. మొదట మనుషులు దొరకలేదు. ఇంజినీరింగ్ చదివి ఇంటర్వ్యూకి వచ్చిన పిల్లలకు ఫాక్స్‌ప్రో పేరే తెలియదు. తర్వాత 2017 జూలై 1న జీఎస్టీ వచ్చింది. రిటర్నులకు జేసన్ ఫైలు (డేటాను ఒక పద్ధతిలో రాసిన టెక్స్ట్ ఫైలు) కావాలి, ఫాక్స్‌ప్రోకి ఆ ఊసే తెలియదు. ఒక్కో అక్షరం అతికించి ఆ ఫైలు తయారు చేస్తూ రెండు రాత్రులు కూర్చున్నాక, ఇంక చాలు అనిపించింది.

దేనికి మారాలన్నది పెద్ద రగడ. మళ్లీ ఒకే కంపెనీ చేతిలో పడకూడదని నా పట్టు. అప్పటికే మైక్రోసాఫ్ట్ వాళ్ల డాట్‌నెట్ కోర్ ఓపెన్ సోర్స్‌గా, అంటే కోడు అందరికీ తెరిచి, వచ్చేసింది కాబట్టి ప్రోగ్రాములు దాని మీద నడిచే సి షార్ప్ భాషలో, డేటా దాచడానికి పోస్ట్‌గ్రెస్ అనే ఓపెన్ సోర్స్ డేటాబేస్ అనుకున్నాం. ఫాక్స్‌ప్రో డేటా ఉండే పాత డీబీఎఫ్ ఫైళ్లు చదివే డ్రైవర్ 32 బిట్‌లోనే ఉంది, మా కొత్త ప్రోగ్రాం 64 బిట్; ఆ రెండూ కలిసి పనిచేయవు. ఇదేమిటో తెలియక మూడు రోజులు తల బాదుకున్నాం. డేటా మార్చే ప్రోగ్రాం ఒక్కదాన్ని 32 బిట్‌లో కట్టాక దారికొచ్చింది.

అసలు కష్టం కోడు మార్చడంలో లేదు. ఆ కోడు ఎందుకలా ఉందో చెప్పే కాగితం ముక్క ఒక్కటి కూడా లేకపోవడంలో ఉంది. చిత్తూరు మండీ ప్రోగ్రాంలో ఒక లైను కనబడింది: ఖాతా నంబరు 900 దాటితే కమీషన్ సున్నా. రాసింది నేనే. ఎందుకు రాశానో గుర్తు లేదు. బస్సెక్కి వెళ్లి గుమాస్తా పెద్దాయనను అడిగితే నవ్వాడు. "అవి మా ఓనరు బంధువుల ఖాతాలు కదా నాయనా, నువ్వే కదా వేసిచ్చినావు!" అన్నాడు. అలాంటివి ఇరవై దాకా బయటపడ్డాయి.

రెండు నెలలు పాతదీ కొత్తదీ పక్కపక్కనే నడిపాం. ఒకరోజు అదే పెద్దాయన రెండు పట్టీలు, అంటే రైతుకిచ్చే లెక్క చీటీలు, నా ముందు పెట్టాడు. తూకం, తరుగు, హమాలీ అన్నీ ఒకటే. రైతుకు రావాల్సింది మాత్రం పాతదాంట్లో 14,363, కొత్తదాంట్లో 14,362. "రూపాయే కదా అనొద్దు నాయనా, రైతు ఎంచుకుంటాడు." చిత్రమేమిటంటే అన్ని పట్టీల్లోనూ తేడా లేదు. సాయంత్రం దాకా కూర్చుంటే తేలింది. అసలు మొత్తం 14,362.50. ఫాక్స్‌ప్రో అర్ధ రూపాయిని ఎప్పుడూ పైకే తీసుకెళ్తుంది. డాట్‌నెట్‌లో రౌండ్ చేయమని ఊరికే చెబితే ఆ అర్ధ రూపాయిని దగ్గరి సరిసంఖ్యకు తీసుకెళ్తుంది. అదే 14,363.50 అయి ఉంటే రెంటిలోనూ 14,364 వచ్చేది. అందుకే అర్ధ రూపాయితో ముగిసిన పట్టీల్లోనూ కొన్ని సరిపోయి మమ్మల్ని మోసం చేశాయి. కోడులో ఒక్క మాట అదనంగా చేరిస్తే సరిపోయింది. పెద్దాయన కళ్లద్దాలు పెట్టుకుని ఆ రోజు పట్టీలన్నీ మళ్లీ వరసగా చూసి గానీ నన్ను బస్సెక్కనివ్వలేదు.

లాడ్జీల పని మాత్రం తేలిగ్గా అయిపోయింది. వాళ్లకు జీఎస్టీ భయం ఉంది కాబట్టి డబ్బుల దగ్గర బేరం కూడా పెద్దగా ఆడలేదు. మండీల వాళ్లు వాయిదాల్లో ఇచ్చారు, ఇద్దరు ఇవ్వనే లేదు. మా ముగ్గురిలో ఒకడు మధ్యలోనే విసిగి బెంగళూరు ఉద్యోగానికి వెళ్లిపోయాడు. వాడిని తప్పుపట్టను.

అందరినీ మార్చేశామని చెప్పుకోవాలని ఉంది గానీ, పుత్తూరులో ఒక తాకట్టు దుకాణం ఇప్పటికీ పాతదాని మీదే నడుస్తోంది. ఎన్నిసార్లు చెప్పినా వినడు. పోయిన నెల ఫోను: "ఇండెక్స్ ఏదో పోయిందంట సామీ, బొమ్మ రాలేదు." బండేసుకుని వెళ్లి రీఇండెక్స్ కొట్టాను, అంటే డేటాను వెతికిపెట్టే ఆ సూచికను మళ్లీ కట్టించాను. రెండు నిమిషాల పని. కాఫీ తాగించి మూడొందలు చేతిలో పెట్టాడు.