పెద్ద వారాలు ముందే అయిపోవాలి

ఈత, సైకిల్, పరుగు వరసగా చేసే ట్రయథ్లాన్ రేసు గోవా ఐరన్‌మ్యాన్ 70.3కి ట్రైనింగ్ చేస్తున్నవాళ్లకి నేను గట్టిగా చెప్పేది ఒకటే, పెద్ద వారాలన్నీ, అంటే ఎక్కువ దూరాలు చేసే వారాలన్నీ, రేసుకి కనీసం రెండు మూడు వారాల ముందే ముగించేయండి. 1.9 కిలోమీటర్ల ఈత, 90 సైకిల్, 21.1 పరుగు అనేసరికి టెన్షన్‌తో చివరిదాకా కిలోమీటర్లు పోగేస్తూనే ఉంటారు చాలామంది, కానీ అలసట తీరాకే కదా పడ్డ కష్టం ఒంటికి పట్టేది.

నా పెద్ద వారాలు హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) పక్కన సోలార్ కప్పున్న సైకిల్ ట్రాక్ మీదే గడిచాయి. తెల్లవారుజామున సైకిల్, దిగీ దిగగానే బూట్లు మార్చుకుని పరుగు, మొదట్లో పిక్కలు అస్సలు మాట వినవు. ఆ తర్వాత దూరం సగానికి తగ్గించా, వేగం మాత్రం వదల్లేదు. పొద్దున లేవగానే చూసుకునే పల్స్ మెల్లగా మామూలుకొచ్చింది, ఆకలీ నిద్రా కుదురుకున్నాయి.

అన్నట్టు, గోవాలో ఉక్కపోత ఎక్కువ, ఒకట్రెండు పరుగులు ఎండెక్కాక కూడా పెట్టుకోండి.