వీపు నుంచి మొదలుపెట్టిన ట్వీడ్ కోటు

రెండో ఫిట్టింగ్ అయింది. చేతులు ఎక్కాయి, కాలర్ కూర్చుంది, జేబులు పడ్డాయి. కాజాలు, అస్తరు, ఆఖరి ఇస్త్రీ మిగిలాయి. 1930ల తరహాలో కంట్రీ కోటు, అంటే పల్లెల్లో, కొండల్లో తిరిగేటప్పుడు వేసుకునే కోటు కుట్టించుకోవాలని ఉన్నవాళ్లకు పనికొస్తుందని, ఇక్కడిదాకా ఏమేం తేల్చుకున్నామో రాస్తున్నాను.

నేనుండేది ఎడిన్‌బరోలో. చలికాలం ఆదివారాలు పెంట్‌లాండ్ కొండల మీద పిట్టల్ని చూస్తూ తిరుగుతాను. మెడలో బైనాక్యులర్స్, లోపల ఉన్ని స్వెటర్, పైన ఈ కోటు. టైలర్ దగ్గరికి వెళ్లినప్పుడు నా మనసులో ఉన్న బొమ్మ ఇదే. 1930ల కోటు అనగానే చాలామంది వెడల్పు ల్యాపెల్ (కాలర్ కింద ఛాతీ మీదికి మడిచి ఉండే భాగం), తోలు గుండీలు, మోచేతుల మీద తోలు ముక్కలు అడుగుతారు. గుండీలు, తోలు ముక్కలు ఎప్పుడైనా తగిలించుకోవచ్చు. ఆనాటి పనితనం కనబడేది వీపులో, చంకలో. ఒకసారి కత్తెర పడ్డాక ఆ రెండింటినీ మార్చడం దాదాపు కుదరదు. అందుకే మేం వీపు నుంచి మొదలుపెట్టాం.

నమూనాగా తీసుకున్నది నార్ఫోక్ జాకెట్. 1860ల నుంచి ఇంగ్లండులో వేటకు వెళ్లేవాళ్లు తొడిగిన కోటు. ముందూ వెనకా భుజం నుంచి దిగే ప్లీట్లు అనే నిలువు మడతలు, నడుముకు అదే బట్టతో బెల్టు. తుపాకి భుజానికి ఎత్తగానే వెనక ప్లీట్లు విచ్చుకుని చేతికి చోటిస్తాయి. బైనాక్యులర్స్ కళ్లకు ఆనించినప్పుడూ చెయ్యి కదిలేది అలాగే. ముందువైపు ప్లీట్లు మాత్రం వద్దన్నాను. మందపాటి బట్టలో అవి ఛాతీని బరువుగా చూపిస్తాయి, పైగా బైనాక్యులర్స్ పట్టీ కింద నలుగుతాయి. వెనక రెండు ప్లీట్లు, వెనకవైపే సగం బెల్టు, దాని కింద మధ్యలో పొడవాటి చీలిక. దీన్ని హాఫ్ నార్ఫోక్ అంటారు. ప్లీటు విచ్చుకోవడం తేలికే, తిరిగి చోటికి రావడమే కష్టం. అందుకని లోపల వెడల్పాటి ఎలాస్టిక్ పట్టీ వేయిస్తున్నాను. అస్తరులో కూడా అంత మడతా వదలమని చెప్పాలి. లేకపోతే పైబట్ట సాగినా లోపల అస్తరు పట్టేస్తుంది, కొన్నాళ్లకు చిరుగుతుంది.

బట్ట హారిస్ ట్వీడ్. ట్వీడ్ అంటే మందపాటి, గరుకైన ఉన్ని బట్ట. హారిస్ ట్వీడ్ అన్న పేరుకు 1993లో బ్రిటిష్ పార్లమెంటు చేసిన చట్టం కాపలా ఉంది. స్కాట్లండు పడమటి తీరానికి ఆవలున్న అవుటర్ హెబ్రిడీస్ దీవుల్లో రంగు వేసి వడికిన కొత్త ఉన్నితో, ఆ దీవుల వాళ్లు తమ ఇళ్ల దగ్గరే చేత్తో నేసి, అక్కడే ఫినిషింగ్ చేసిన బట్టనే అలా పిలవాలి. మగ్గం కరెంటుతో నడవదు, కాళ్లతో తొక్కుతారు. పోచంపల్లిలో వడికిన నూలుకు ముడులు కట్టి రంగులద్దుతారు కదా, ఇక్కడ వడకకముందే ఉన్నికి రంగు వేసి, నాలుగైదు రంగుల ఉన్నిని కలిపి వడుకుతారు. నేను తీసుకున్నది దూరానికి గోధుమరంగే. కిటికీ దగ్గర వెలుతురులో పెడితే నాచు పచ్చ, తుప్పు ఎరుపు, అక్కడక్కడా నీలం తేలుతాయి. షాపులో ట్యూబ్‌లైటు కింద ట్వీడ్ ఎంచుకోకండి, నమూనా ముక్కలు అడిగి తీసుకుని బయట చూడండి.

మొదట గళ్ల బట్ట మీద మనసుపడ్డాను. కానీ గళ్లయితే ప్లీట్ల దగ్గర, జేబుల దగ్గర, బెల్టు దగ్గర, చేతుల దగ్గర నిలువునా అడ్డంగా కలవాలి. బట్ట ఎక్కువ పడుతుంది, ప్లీటు విచ్చుకున్నప్పుడల్లా గళ్లు చెదురుతాయి. హెరింగ్‌బోన్ (చేప ముల్లులా ఏటవాలు గీతలు కనిపించే నేత) తీసుకున్నాను, అందులో ఉండేవి నిలువు చారలే కాబట్టి ప్లీటు అంచు చారకు సరిగ్గా వస్తే చాలు. 150 సెంటీమీటర్ల పన్నాలో మామూలు కోటుకు 2 మీటర్లు సరిపోతుంది, దీనికి 2.5 మీటర్లు తీసుకున్నాం. పాత హాటర్స్‌లీ మగ్గాల మీద నేసిన బట్ట పన్నా దాదాపు సగమే, అది దొరికితే పొడవు రెట్టింపు లెక్కేసుకోవాలి.

కొలతలకు స్వెటర్ వేసుకునే వెళ్లాను. చంక దగ్గర చాలాసేపు ఆగాం. చంక ఎంత వదులుగా ఉంటే చెయ్యి అంత బాగా ఆడుతుందని అనుకుంటాం. నిజానికి చంక కిందికి దిగితే, చెయ్యి ఎత్తినప్పుడు కోటంతా దాంతోపాటే లేస్తుంది, కాలర్ మెడను వదిలేస్తుంది. చంక పైకి, ఒంటికి దగ్గరగా ఉంటే చెయ్యి ఒక్కటే లేస్తుంది. రెడీమేడ్ కోటు రకరకాల ఒళ్లకు సరిపోవాలి కనక చంక దించేస్తారు. ఒంటికి కొలిచి కుట్టించుకోవడంలో మన డబ్బుకు అసలు ఫలితం ఇక్కడే అని నా నమ్మకం.

మొదటి ఫిట్టింగ్ కచ్చా కుట్టు మీద, అంతా తెల్లదారం. జేబుల్లేవు, అస్తరు లేదు. బట్ట కత్తిరించే కట్టర్ చూసీచూడగానే నా కుడి భుజం కొంచెం కిందికి ఉందన్నారు. కంప్యూటర్ ముందు కూర్చుని కూర్చుని మెడ ముందుకు వాలింది, అందుకని వీపు పొడవు కాస్త పెంచాలన్నారు. కోటు ఎడమ చేతిని అక్కడికక్కడే విప్పి, కొద్దిగా ముందుకు తిప్పి పిన్నులు గుచ్చారు. అంతే, మోచేతి పైన పడుతున్న ముడత పోయింది. చూస్తుంటే భలే సంతోషమేసింది. అద్దం ముందు మిలటరీ వాళ్లలా బిగుసుకుని నిలబడకండి, రోజూ ఎలా నిలబడతారో అలాగే నిలబడండి. నేను బైనాక్యులర్స్ తీసుకెళ్లి ఎత్తి చూపించాను, కుర్చీలో కూర్చున్నాను, వంగి బూటు లేసు కట్టుకున్నాను.

రెండో ఫిట్టింగ్‌లో వీపు చక్కగా పలికింది. చెయ్యి ఎత్తితే ప్లీట్లు తెరుచుకున్నాయి, కాలర్ కదల్లేదు. కింది జేబులు పక్కకు ఉబ్బేలా పెట్టించాను, చేతిపుస్తకం పడుతుంది. కాలర్ కింద చిన్న పట్టీ ఒకటి దాగి ఉంటుంది. గాలికి ల్యాపెళ్లు పైకి మడిచినప్పుడు అది గొంతు దగ్గర బిగుస్తుంది. అలా మడిస్తే ల్యాపెల్ అడుగువైపు బయటికి కనిపిస్తుంది కాబట్టి అక్కడి కాజా రెండువైపులా శుభ్రంగా ఉండాలి. గుండీలకు తోలు వద్దనుకున్నాను. ఫొటోల్లో బాగుంటాయిగానీ తడిస్తే మెత్తబడి, అంచులు అరుగుతాయి. కొమ్ము గుండీలు ఖాయం చేశాం.

డబ్బు విషయం ముందే మాట్లాడుకోండి. చెప్పిన ధరలో 20 శాతం వ్యాట్ కలిసిందో లేదో, బట్ట ఖరీదు విడిగానా, ఫిట్టింగ్ తర్వాత మార్పులకు అదనంగా తీసుకుంటారా అని అడగాలి. కుట్ల లోపల ఎంత బట్ట వదులుతున్నారో కూడా అడగండి. నాకు పక్క కుట్లలో, వీపు మధ్య కుట్టులో బాగానే వదిలారు, రేపు నడుము పెరిగినా విప్పి సర్దుకోవచ్చు. కత్తిరించగా మిగిలిన ముక్కలు కోటుతోపాటు ఇమ్మన్నాను, మోచేతులు అరిగినప్పుడు అతుకు వేయడానికి. బట్ట అసలైన హారిస్ ట్వీడేనని చూపే ఆర్బ్ ముద్ర లేబుల్‌ను లోపలి జేబు కింద కుడతారు. ఇక కాజాలు చేత్తో కుట్టడం మొదలవుతుంది.