టూత్‌బ్రష్, బోల్టు, తిరిగే కుర్చీ

మా బాబు ఎనిమిదో తరగతి. స్కూల్లో సైన్స్ ఎగ్జిబిషన్‌కి అందరూ అగ్నిపర్వతాలు చేస్తుంటే, మనం పట్టేసిన బోల్టు చేద్దాంరా అన్నాను. వాడు నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది.

సంగతేంటంటే, 2012 ఆగస్టు 30న సునీతా విలియమ్స్, జపాన్ వ్యోమగామి అకిహికో హోషిదే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం బయటికెళ్లి, సోలార్ పలకల నుంచి వచ్చే కరెంటును పంచే పెట్టె ఒకదాన్ని మార్చబోయారు. బరువు 100 కిలోల దాకా ఉంటుంది. పాతది ఎలాగో ఊడింది గానీ, కొత్తది బిగిస్తుంటే బోల్టు పట్టేసింది. మరల్లో లోహపు రజను. ఎనిమిది గంటలకు పైగా కుస్తీ పట్టి, చివరికి పెట్టెను తాడుతో కట్టేసి లోపలికొచ్చేశారు. అవును, లారీ మీద మంచం కట్టినట్టే!

మేం హార్డ్‌వేర్ షాపులో పెద్ద బోల్టు, నట్టు కొని, నట్టును చెక్కలో దిగ్గొట్టి, మరల్లో ఇనుప రజను కూరాం. పానా పెట్టి గట్టిగా తిప్పితే తిరిగిపోయింది. ఛీ, ఇంతేనా అనిపించింది. అప్పుడు వాడికి రబ్బరు గ్లవ్స్ మీద వెల్డింగ్ గ్లవ్స్ తొడిగి, తిరిగే కుర్చీలో కూర్చోబెట్టి కాళ్లు పైకెత్తమన్నాను. ఇక చూడాలి, పానా మీద బలం పెడితే బోల్టు కదల్లేదు, కుర్చీతో సహా మావాడే గిర్రున తిరిగాడు. వ్యోమగాములు ముందు పాదాలు ఎక్కడో ఒకచోట బిగించుకునేది ఇందుకే. పానా రెండుసార్లు జారి కింద పడింది, అక్కడైతే ఎటో తేలుతూ పోయేది, అందుకే ప్రతి పనిముట్టునూ కట్టేసుకుంటారట.

సెప్టెంబరు 5న వాళ్లు మళ్లీ వెళ్లారు. ఈసారి చేతిలో ఉన్నవి స్టేషన్లో దొరికిన సామాన్లతోనే చేసుకున్న పనిముట్లు: ఒక టూత్‌బ్రష్, స్పేర్ కేబుల్ తీగలతో చేసిన బ్రష్, ఊదడానికి నైట్రోజన్ డబ్బా. నైట్రోజన్‌కి బదులు మేం సైకిల్ పంపు వాడాం. తొందరపడి ముందే గ్రీజు పూసేసరికి రజనంతా ముద్దయి ఇంకా గట్టిగా పట్టేసింది. మళ్లీ అంతా కిరోసిన్‌తో కడిగి, ముందు గాలి కొట్టి, తర్వాత బ్రష్‌తో తోమి, ఆఖర్న గ్రీజు పెట్టాం. ఒక చుట్టు ముందుకి, అర చుట్టు వెనక్కి, కుర్చీని నేను పట్టుకుంటే వాడు తిప్పాడు. పావుగంటకి బోల్టు లోపలికి దిగింది. బ్రష్ మాత్రం మా ఆవిడది, కొత్తది కొనిచ్చే దాకా మాటల్లేవు.