అబ్లార వేరు, అబ్లరా వేరు

ఇంపర్ఫెక్ట్ సబ్జంక్టివ్ (పాత కోరికల్ని, "పడితే గిడితే" లాంటి ఊహల్ని చెప్పే క్రియా రూపం) అనంగనే స్పానిష్ నేర్చుకునేటోళ్లు సగం మంది పుస్తకం మూసేస్తరు. రూపం కట్టుడు మాత్రం మస్తు అల్క. "వాళ్లు మాట్లాడిండ్రు" అంటే అబ్లారొన్. చివరి రొన్ తీసి ర పెడితే అబ్లార, అయిపాయె. తిన్నరు కొమియేరొన్, దాంట్లకెల్లి కొమియేర. బతికిండ్రు బిబియేరొన్, బిబియేర. ఇగ మనిషిని బట్టి ర, రస్, ర, రమొస్, రైస్, రన్. నేను అన్నా, ఆమె అన్నా రూపం ఒక్కటే.

స్పానిష్ మాటల్ని నేను తెలుగు లిపిలనే రాస్కుంట, ఊనిక పడే అక్షరానికి దీర్ఘం పెట్టి. సుబేదారిల ఉండే నా దోస్తు చూసి నవ్వుతది, నవ్వనీ. అబ్లార సబ్జంక్టివ్. అబ్లరా అంటే "మాట్లాడుతడు", రేపటి ముచ్చట. ఊనిక ఒక్క అక్షరం జరిగితే కాలమే మారిపాయె. మన చెవికి ఊనిక సరిగ అందదు గని, దీర్ఘం ఎంత దూరమున్నా దొరుకుతది.

అసలు తిప్పలు ఎక్కడ వాడాల్నో తెలుసుడు కాడ. బాపు నన్ను బ్యాంకుల పనిచెయ్యమంటడు: కియేరె కె త్రబాహె. పనిచెయ్యమన్నడు: కెరీయ కె త్రబహార. మన దాంట్ల "పనిచెయ్య" కదలదు, చివరి అంటడు ఒక్కటే అన్నడు అయితది. వాళ్ల దాంట్ల కోరిక పాతదైతే, కోరిన పని కూడ రూపం మార్చాల్సిందే. (నాది ఇంట్ల కూసొని స్పెయిన్ కస్టమర్ల మెయిళ్లకు జవాబు రాసే కొలువు. అదీ కొలువేనని బాపుకు ఇంకా నమ్మకం లేదు.)

"వాన పడితే బయటికి పోను" అని మనం జులైల అంటం, మే నెలల గూడ అంటం. స్పానిష్‌ల జులైకి సి యువేబె, నొ సాల్గొ. భద్రకాళి చెరువు గట్టు మీద నిప్పులు చెరిగే మే నెలల అయితే సి యొబియేర, నొ సల్ద్రీయ. అంటే పడేది లేదు, పడితే గిడితే అన్నట్టు.

అబ్లాసె అని సె తోటి ఇంకో వరుస ఉంది. అర్థం అదే. లాటిన్ అమెరికాల ర రూపమే ఎక్కువ వినపడుతది, నేనూ అదే పట్టుకున్న.

ఇంకోటి, మామూలు పద్ధతిల నడువని తిక్క క్రియలకు గూడ ఈ లెక్క తప్పది. మెయిల్ల మర్యాదగ ఏదన్న అడగాల్నంటే రోజూ రాసే కిసియేర ("నాకు కావాల్నుండే" అన్నట్టు) ఉంది చూడుండ్రి, అది కిసియేరొన్ (కోరిండ్రు) కెల్లి వచ్చిందే.