రంధ్రాల ఇనప పలక దొరికితే

జానెడు పొడవు, రెండు వేళ్ళ వెడల్పు ఉన్న ఇనప పలక. దాని మీద వరసగా రంధ్రాలు. ఒక కొసన బఠాణీ గింజంత ఉంటాయి, రెండో కొసకు వచ్చేసరికి సూది కూడా కష్టంగా దూరుతుంది. హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్‌లో తుప్పు తాళాల మధ్యో, తాతల కాలం నాటి పెట్టె అడుగునో ఇలాంటిది కనిపిస్తే ఏమిటిదని అడిగేవాళ్ళు చాలామంది. ఎక్కువసార్లు అది కమ్మచ్చు, అంటే కంసాలి బంగారం, వెండి తీగ సాగదీసే అచ్చు. పాతబస్తీలో ఉర్దూలో అడిగేటప్పుడు జంత్రి అనాలి. పంచాంగాన్నీ జంత్రి అనే అంటారు కాబట్టి తీగ లాగేదని విడమర్చి చెప్పాలి.

అయితే రంధ్రాలున్న ప్రతి పలకా కమ్మచ్చు కాదు. పైరూపం చూసి తేల్చేస్తే పొరబడతాం. చూడాల్సింది రంధ్రం లోపలి ఆకారం.

శుభ్రం చేసే ముందే చూడాలి. ఎమరీ కాగితంతో రుద్దినా, యాసిడ్‌లో ముంచినా గుర్తుపట్టే ఆధారాలు ముందు పోతాయి. గట్టిపరిచిన ఉక్కును యాసిడ్ పెళుసుగా కూడా మారుస్తుంది. ఒక రాత్రి కిరసనాయిల్‌లో నానబెట్టి, కుచ్చు బ్రష్‌తో మెల్లగా తోమితే చాలు. దానికంటే ముందు సన్నటి పుల్లతో రంధ్రాల్లోని మురికిని కాస్త గీకి చూడండి. మైనంలా జిడ్డుగా వస్తే మంచి గుర్తు. లాగేటప్పుడు తీగ జారడానికి తేనెమైనం రాస్తారు. అది రంధ్రంలో పేరుకుని ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోతుంది.

ఇప్పుడు పలకను రెండు వైపులా తిప్పి కొలవండి. ఇంట్లో ఉన్న డ్రిల్ బిట్లే చాలు, బిట్ కోసే మొనను కాకుండా నునుపైన కాడను లోపలికి తోయాలి. కమ్మచ్చు రంధ్రం గరాటాలా ఉంటుంది. ఉదాహరణకు వెనకవైపు 3 మిల్లీమీటర్ల బిట్ సగం దాకా దూరి ఆగిపోతుంది, ముందువైపు అదే రంధ్రంలో 2 మిల్లీమీటర్లదే పడుతుంది. తీగ వెడల్పు వైపు నుంచి దూరి ఇరుకు వైపు నుంచి బయటికి వస్తుంది. కోతేమీ ఉండదు, నొక్కుడే. లోహం సన్నబడి పొడవు పెరుగుతుంది. రెండు వైపులా ఒకే కొలత వస్తే అది కమ్మచ్చు కాదన్నట్టే.

అన్నిటికంటే నమ్మదగిన సాక్ష్యం ముందువైపు రంధ్రాల అంచున ఉంటుంది. నాటు కమ్మచ్చులో రంధ్రం అరిగి పెద్దదైతే చుట్టూ సుత్తితో కొట్టి మూసేసి, పోగర అనే మొనదేలిన పనిముట్టుతో మళ్ళీ కొత్త కొలతకు పొడిచేవారు. అందుకే రంధ్రం చుట్టూ చిన్న చిన్న దెబ్బల వలయం కనిపిస్తుంది. ఆ వలయం చూశాక నాకైతే ఇంకే పరీక్షా అక్కర్లేదు. పలక పక్క అంచుల మీద, దాన్ని బిగించి పట్టే పట్టకొయ్య నొక్కిన గాట్లు ఉంటే ఇంకా మంచిది.

దీనికి అచ్చం కవల లాంటిది మరలు (స్క్రూలు) కోసే పలక. దాని రంధ్రాలకు పక్కనే చిన్న గాడో, జత రంధ్రమో తరచు ఉంటుంది, లోహపు పొట్టు బయటికి రావడానికి. పరీక్ష సులువు: మెత్తటి అగ్గిపుల్ల మొన రంధ్రంలో పెట్టి గట్టిగా తిప్పి, తిప్పుతూనే బయటికి తీయండి. పుల్ల మీద మర గాట్లు పడితే సంగతి తేలిపోయినట్టే. గాట్లు పడ్డాయని ఇప్పటి బోల్టు బిగించి చూసి సరిపడలేదని నిరాశపడొద్దు. ఇంగ్లండ్‌లో విట్‌వర్త్ అనే ఇంజనీరు మరలకు కొలత 1841లో ఖాయం చేశాడు. చిన్న మరలకు బి.ఏ. (బ్రిటిష్ అసోసియేషన్) కొలతలు 1884లో వచ్చాయి. అంతకుముందు ఒక్కో పనిశాలది ఒక్కో మర.

రంధ్రాలు పలక మధ్యలో కాకుండా అంచున చీలికల్లా ఉండి, ఒక్కోదానికి అంకె ఉంటే అది తీగ మందం కొలిచే గేజీ. ఇక్కడ అందరూ చేసే పొరపాటు, చీలిక లోపలి కొసన ఉన్న గుండ్రటి రంధ్రంలో తీగ పెట్టి కొలవడం. కొలిచేది చీలికే, గుండ్రటి రంధ్రం తీగ సులువుగా బయటికి రావడానికే. అంకె పెరిగేకొద్దీ తీగ సన్నం. బ్రిటిష్ ప్రామాణిక గేజీ 1884లో చట్టబద్ధమైంది, అందులో 36 నంబరు అంటే 0.0076 అంగుళాలు.

ఇత్తడిదైతే అయస్కాంతం అతుక్కోదు, అక్కడే దారి మారిపోతుంది. పలుచటి గిన్నె రూపంలో, రంధ్రాలన్నీ ఒకే కొలతలో ఉంటే ముత్యాలు జల్లించే జల్లెడ కావచ్చు. ముత్యాల వ్యాపారం సాగే పత్తర్‌గట్టీ బజారు ఉన్న ఊరు కదా హైదరాబాద్. గుండ్రటి బిళ్ళ, మందంగా ఉండి, నక్షత్రం ఆకారపు రంధ్రాలుంటే పెద్దగా ఆలోచించక్కర్లేదు, అది జంతికల గొట్టంలో వేసే బిళ్ళ.

మీద 'కాస్ట్ స్టీల్' అని అక్షరాలుంటే పోత ఇనుము అనుకోకండి. మూసలో కరిగించి తీసిన మేలురకం ఉక్కు అని ఆ ముద్ర అర్థం. మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలోనూ మూసల్లోనే ఉక్కు తీసేవారు. అలాగని అమ్మేవాడు చెప్పే ప్రతి పాత ఉక్కునూ కోనసముద్రం ఉక్కని నమ్మి రేటు పెంచుకోవద్దు.

కమ్మచ్చని తేలితే ఇంకో పరీక్ష మిగిలి ఉంది, అది పనికొస్తుందా లేదా అని. ఎర్రగా కాచి చల్లార్చిన రాగి తీగ తీసుకుని, కొసను ఆకురాయితో సూదిగా రాయండి. తీగ కంటే ఒక్క సైజు చిన్న రంధ్రంలో వెనకనుంచి దూర్చి, మైనం రాసి, పట్టకారుతో తిన్నగా లాగండి. పక్కకు లాగితే రంధ్రం అండాకారంలో అరిగిపోతుంది, తీగ వంకర తిరుగుతుంది. రెండు మూడు రంధ్రాలు దాటాక తీగ బిరుసెక్కుతుంది, మళ్ళీ కాచకుండా లాగితే పుటుక్కున తెగుతుంది. వచ్చిన తీగను గోటితో తడమండి. పొడవునా సన్నటి గీత తగిలితే ఆ రంధ్రం అంచు విరిగిందని అర్థం, ఆ ఒక్కదాన్ని వదిలేసి పక్కదానితో పని చేసుకోవచ్చు.