మన్ననూరు దాటాక మారేడు గడ్డల తీగ

శ్రీశైలం రోడ్డులో మన్ననూరు చెక్‌పోస్టును రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసి ఉంచుతారు. గేటు తీయగానే బయల్దేరితే ఎండ ముదరకముందే గుట్ట ఎక్కొచ్చు. మేము వెళ్లింది తొలకరికి ముందు, మారేడు గడ్డల తీగ చిగురేసి పూతకొచ్చే రోజుల్లో. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో నడవాలంటే అటవీశాఖ అనుమతి, తెలిసినవాళ్ల తోడు ఉండాల్సిందే. మాకు దారి చూపింది ఒక చెంచు పెద్దాయన.

దారికి రెండు పక్కలా లాంటానాయే, బయటి దేశాల నుంచి వచ్చి అడవిని కమ్మేసే ముళ్ల పొద. పిగిలిపిట్టలు దాని నల్లటి పండ్లు తిని, వాలిన చెట్టు కిందల్లా విత్తనాలు వదులుతాయి. అందుకే పెద్ద చెట్ల మొదళ్ల చుట్టూ పొద ఎక్కువ చిక్కగా ఉంటుంది. ఆ నీడలో గడ్డి మొలవదు, గడ్డి లేనిచోట దుప్పులు ఆగవు.

మారేడు తీగ రాళ్ల సందుల్లో దొరికింది. ఇది శివుడి పూజకు వాడే మారేడు చెట్టు కాదు, వేరే మొక్క. శాస్త్రీయనామం డెకాలెపిస్ హామిల్టోనీ. దక్షిణ భారతంలో తప్ప ఎక్కడా సహజంగా పెరగదు, అంతరించే ప్రమాదమున్న మొక్కల్లో ఒకటి. ఆకులు ఎదురెదురుగా, వెడల్పుగా, దళసరిగా ఉంటాయి. గిల్లితే పాలు కారతాయి. పూలు చిన్నవి, లేత పసుపు. సుగంధిపాలతో దీన్ని కలిపేయకండి: దాని ఆకు సన్నం, నడుమ తెల్లటి చార, వేరు తీగలా ఉంటుంది. మారేడు వేళ్లు మాత్రం కండపట్టి గుత్తిగా దిగుతాయి. నన్నారి షర్బతుకూ పచ్చడికీ ఆ వాసన కోసమే తవ్వుతారు.

అసలు దెబ్బ ఆ తవ్వకందే. గడ్డపలుగుతో మొదలంతా పెకిలిస్తే తీగ పోయినట్టే. పక్క వేళ్లు కొన్నే తీసి, నడిమి మొదలు కదపకుండా మట్టి కప్పితే మళ్లీ ఊరుతుందని పెద్దాయన గుంట పక్కన కూర్చుని చేత్తో చూపించాడు. కప్పకుండా వదిలేసిన గుంటల్లో లాంటానా మొలకలు లేచి ఉన్నాయి. తవ్వకం ఆపి లాంటానాను వదిలేసినా, లాంటానా తీసి తవ్వకం ఆపకపోయినా ఆ వాలు మీదికి తీగ తిరిగి రాదు.

లాంటానాను నేలమట్టంగా నరికితే మొదట్లోంచి రెట్టింపు కొమ్మలు వేస్తుంది. కాలిస్తే ఇంకా చేటు: ఆ మంటకు పక్కనున్న లేత మొక్కలన్నీ పోతాయి, లాంటానా మొదలు బతుకుతుంది. ఢిల్లీ విశ్వవిద్యాలయ ప్రొఫెసర్ సి.ఆర్. బాబు రూపొందించిన పద్ధతి మేలు. ఒకరు కొమ్మలు కర్రతో పక్కకు నెట్టిపట్టాలి. ఇంకొకరు మొదలు దగ్గర మట్టి తీసి, నేలకు అంగుళం నుంచి రెండంగుళాల లోతున తల్లివేరు తెగగొట్టాలి. చిగుళ్లు పుట్టే భాగం దానికి పైనే ఉంటుంది. తెగిన పొదను తలకిందులుగా ఎండనివ్వాలి. వేరు నేలకు తగిలితే మళ్లీ నాటుకుంటుంది. కాయ ముదరకముందే ఈ పని కావాలి. తర్వాతి వానాకాలాల్లో చెట్ల కింద, వాగుల వెంట మొలకలు పీకుతూనే ఉండాలి.

ఖాళీ అయిన నేలను అలాగే వదిలితే వయ్యారిభామ దిగుతుంది. వానలకు ముందే స్థానిక గడ్డి విత్తనం చల్లాలి. మారేడు విత్తనానికి దూదిలాంటి కుచ్చు ఉంటుంది, కాయ పగిలిందంటే గాలికి పోతుంది. కాబట్టి ముదిరిన కాయలకు పల్చటి గుడ్డ సంచి కట్టాలి. విత్తనం ఎక్కువకాలం నిలవదు, రాలిన వెంటనే మట్టి నింపిన నారు సంచుల్లో నాటాలి.