గాలివాటానికి కొట్టుకుపోయిన అయిదు రోజులు

మొదటి రోజు లెక్క వేస్తే నేను నీళ్ళ మీద వెళ్ళిన దూరం కంటే ఒడ్డు వెంబడి ఇసుకలో నడిచిన దూరమే ఎక్కువ. ఎక్కడం, పడడం, గాలి తోసినంత దూరం కొట్టుకుపోవడం, మళ్ళీ బోర్డు ఈడ్చుకుంటూ బయల్దేరిన చోటికి నడక. మూడోసారి అలా వస్తుంటే మా బావమరిది ఒడ్డున కూర్చుని, "బావా, వింగ్‌ఫాయిలింగ్‌కి వచ్చావా, మార్నింగ్ వాక్‌కి వచ్చావా?" అన్నాడు. జవాబు చెప్పే ఓపిక కూడా లేదు నాకు. వింగ్‌ఫాయిలింగ్ అంటే చేతిలో చిన్న తెరచాప లాంటిది పట్టుకుని, అడుగున రెక్క ఉన్న బోర్డు మీద నిలబడి, గాలి ఊతంతో నీళ్ళ మీద పోయే ఆట.

నన్ను కల్పిటియాకి లాక్కొచ్చింది వాడే. శ్రీలంక పడమటి తీరంలో, కొలంబోకి ఉత్తరాన, ఒకవైపు సముద్రం, ఇంకోవైపు పుత్తలం ఉప్పునీటి కయ్య ఉన్న సన్నటి నేల అది. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలి దాదాపు రోజూ వీస్తుంది. మేం వెళ్ళింది జూలైలో. నేర్చుకునేవాళ్ళు దిగే చోట కయ్యకీ సముద్రానికీ మధ్య ఒక ఇసుకమేట అడ్డం ఉంటుంది. గాలి దాన్ని దాటి వస్తుంది, అలలు మాత్రం రావు. కొత్తవాళ్ళకి ఇంతకంటే ఏం కావాలి? వాడు కైట్‌బోర్డింగ్‌లో, అంటే తాళ్ళు కట్టిన పెద్ద గాలిపటం లాగుతుంటే బోర్డు మీద నీళ్ళపై పోయే ఆటలో, ఆరితేరినవాడు. నాకు ఆ పొడుగాటి తాళ్ళంటే భయం. "అయితే వింగ్ పట్టుకో. తాళ్ళుండవు, చేత్తో పట్టుకోవడమే, భయమేస్తే వదిలేయడమే" అన్నాడు. ఆ చివరి మాట నచ్చి ఒప్పుకున్నాను.

సరంజామా మూడు భాగాలు. చేత్తో పట్టుకునే వింగ్ గాలి నింపిన తెరచాప లాంటిది. ముందు అంచులో లావుపాటి గొట్టం, మధ్యలో ఇంకొకటి, పట్టుకోవడానికి పిడులు. నిలబడేది బోర్డు మీద. ఆ బోర్డు అడుగున కత్తిలా దిగిన స్తంభాన్ని మాస్టు అంటారు. దాని చివర విమానం బొమ్మలా పెద్ద రెక్క ఒకటి, తోకరెక్క ఒకటి. అదే ఫాయిల్. నా బరువు 78 కిలోలు. నాకు 120 లీటర్ల బోర్డు, 5 చదరపు మీటర్ల వింగ్ ఇచ్చారు. కొత్తవాళ్ళ బోర్డు మన బరువు కంటే ఓ 40 లీటర్లు ఎక్కువ తేలాలట, లేకపోతే దాని మీద మోకాళ్ళ మీద కూర్చోవడమే గగనం.

మాకు నేర్పినావిడ ముందు నీళ్ళలోకి దిగనివ్వలేదు. ఇసుకలో నిలబెట్టి, వింగ్ ముందు పిడి ఒక్కటే పట్టుకోమంది. అలా పట్టుకుంటే వింగ్ జెండాలా గాలికి రెపరెపలాడుతుంది తప్ప లాగదు. "ఏం తోచకపోతే ఇలా పట్టుకోండి. చాలామంది కంగారులో రెండు చేతులతో గట్టిగా పట్టుకుంటారు, గాలి కూడా అంతే గట్టిగా లాగుతుంది" అంది. వెనక చేతిని కొంచెం దగ్గరికి తీసుకుంటే వింగ్ నిండుతుంది, లాగుతుంది. వదిలితే ఖాళీ అవుతుంది. చెప్పడానికి అంతే.

తర్వాత ఒడ్డున ఒక ఎర్ర జెండా పాతింది. "ఇక్కడి నుంచి బయల్దేరతారు. ఇక్కడికే తిరిగి రావాలి. వెళ్ళడం ఎవరైనా వెళ్తారు."

ఆ మాట బరువు నాకు సాయంత్రానికి తెలిసింది. మొదటి రోజు ఫాయిల్ లేని పెద్ద బోర్డు ఇచ్చారు. మోకాళ్ళ మీద కూర్చుని వింగ్ ఎత్తగానే బోర్డు కదిలింది. భలే అనుకున్నాను. లేచి నిలబడ్డాను, ఇంకా భలే. తల తిప్పి చూస్తే జెండా ఎక్కడో దూరంగా ఉంది! మనం పక్కకి వెళ్తున్నాం అనుకుంటాం, గాలి మాత్రం మనల్ని తను పోయే వైపే జరుపుకుంటూ ఉంటుంది. పడిన ప్రతిసారీ, లేవడానికి తడుముకున్న ప్రతి నిమిషమూ, కొట్టుకుపోవడమే. గాలివాటం మనిషి అని ఎవరినైనా తిట్టేటప్పుడు ఇక మీదట నేను కొంచెం ఆలోచిస్తాను, ఎందుకంటే గాలికి ఎదురు వెళ్ళడం ఎంత కష్టమో నా పిక్కలకి తెలిసింది.

రెండో రోజు ఫాయిల్ బిగించిన బోర్డు. దీన్ని నీళ్ళలోకి తీసుకెళ్ళడమే ఒక విద్య. మాస్టు 65 సెంటీమీటర్లు ఉంది, లోతు చాలని చోట దించితే కింద రెక్క ఇసుకకి కొట్టుకుంటుంది. అందుకని బోర్డుని తిరగేసి, రెక్కలు ఆకాశం వైపు పెట్టి, నడుం లోతు దాటేదాకా తోసుకుంటూ నడవాలి. తలకి హెల్మెట్, ఒంటికి దెబ్బ తగలకుండా మందపాటి జాకెట్ తప్పనిసరి. పడేటప్పుడు కాళ్ళు కిందకి పెట్టకుండా, బోర్డుకి దూరంగా, వెల్లకిలా పడమన్నారు. ఒక్కసారి మర్చిపోయాను. మోకాలి కింద చిన్న గీత పడింది. మళ్ళీ మర్చిపోలేదు.

నిన్నటి పెద్ద బోర్డు మీద నిలబడ్డ మనిషినే కదా అని ధీమాగా ఎక్కాను. ఇది చిన్నది, అన్ని వైపులకీ ఊగుతుంది. ఒక కాలు మోపేలోపు ఇంకో వైపు ఒరిగిపోతుంది. పొద్దున 20 సార్లు పడ్డాక లెక్కపెట్టడం మానేశాను. కిటుకు మధ్యాహ్నం దొరికింది. కాళ్ళ బలంతో లేవకూడదు, వింగ్‌ని తల పైకి ఎత్తి, అది లాగుతుంటే దానికి వేలాడుతున్నట్టు లేవాలి. ఆ లాగుడులో బోర్డు కూడా కుదురుకుంటుంది.

మూడో రోజు గాలి పడిపోయింది. గాలి వేగం సగమైతే దాని బలం నాలుగో వంతుకి పడిపోతుంది. 16 నాట్ల (గంటకి సుమారు 30 కిలోమీటర్ల) గాలిలో నన్ను మోసిన వింగే 8 నాట్లలో చేతిలో గొడుగులా ఉండిపోయింది. నేర్పేవాళ్ళు రోజు వృథా కానివ్వలేదు. వింగ్ పక్కన పెట్టి, పడవ వెనక తాడు కట్టి బోర్డుని నెమ్మదిగా లాగారు.

నిజంగా ఫాయిల్ అంటే ఏమిటో తెలిసింది ఆ రోజే. పడవ కొంచెం వేగం అందుకోగానే బోర్డు కింద చప్పుడు ఆగిపోయింది. ఏమైందని కిందకి చూశాను, అంతే, నీళ్ళలో ఉన్నాను. రెండోసారి చూపు తీరం మీదే ఉంచాను. బోర్డు లేచింది, ఇంకా లేచింది, ఆగకుండా లేచి, రెక్క నీటి పైకి వచ్చేసరికి పట్టు జారి ధబాలున కూలింది. విమానం రెక్క గాలిలో చేసే పనే ఈ రెక్క నీటిలో చేస్తుంది. నీరు గాలి కంటే సుమారు 800 రెట్లు చిక్కన కాబట్టి ఇంత చిన్న రెక్క ఒక మనిషిని మోయగలదు. కానీ నీటి పైకి తేలి గాలిని పీల్చిందంటే మోసే శక్తి ఒక్కసారిగా పోతుంది. లేస్తున్నప్పుడు ముందు కాలి మీద బరువు వేసి బోర్డుని కిందకి నొక్కాలి. మనసేమో వెనక్కి వాలమంటుంది, ఒళ్ళు దాని మాటే వింటుంది. ఆ టెన్షన్ పోవడానికి పడవ వెనక ఓ గంట పట్టింది.

సాయంత్రం తాడు చుడుతూ బావమరిది ఒక సంగతి చెప్పాడు. ఈ వింగ్ అమ్మకానికి వచ్చింది 2019 ప్రాంతంలోనేనట, అందుకే ఇందులో తాతల కాలం నాటి గురువులు ఎవరూ లేరు. నీటి కింది రెక్క మాత్రం పాతది. ఇటలీలో ఎన్రికో ఫోర్లనీని 1906లోనే మజ్జోరే సరస్సులో దాంతో పడవని పైకి లేపాడు. టెలిఫోన్ గ్రాహంబెల్ బృందం చేసిన హెచ్‌డీ-4 అనే పడవ 1919లో గంటకి 114 కిలోమీటర్ల వేగం అందుకుంది. నేను ఆ రోజు అందుకుంది 15 ఉంటుందేమో.

నాలుగో రోజు గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏం లేదు. గాలి 20 నాట్లు దాటింది. వింగ్ సంగతి చూస్తే కాళ్ళు మర్చిపోయాను, కాళ్ళ సంగతి చూస్తే వింగ్ మర్చిపోయాను. ముంజేతులు పట్టేసి రాత్రి నీళ్ళ సీసా మూత తీయలేకపోయాను. వింగ్‌ని చేతులతో లాగడమే నా తప్పట. ముందు చేయి చాపి ఉంచి, ఒంటి బరువుతో వేలాడాలట. అదే మాట రెండో రోజూ చెప్పారు, అప్పుడు వినపడలేదు.

చివరి రోజు పొద్దున గాలి 15 నాట్లు, నిలకడగా ఉంది. గంటకి 28 కిలోమీటర్లన్నమాట. జెండా దగ్గర ఎక్కాను. ఫాయిల్ లేవకపోయినా ఫర్వాలేదు, బోర్డు ముక్కుని గాలికి కొంచెం ఎదురుగా పెట్టి, చూపు కూడా అటే పెట్టి పొమ్మందావిడ. నీటిలో దిగిన మాస్టు పక్కకి జారనివ్వదని, అదే మనల్ని గాలికి ఎదురు ఎక్కిస్తుందని అప్పుడు అర్థమైంది. నెమ్మదిగా పోయాను. వేగంగా పోవాలన్న ఆరాటమే నన్ను నాలుగు రోజులు కింద పడేసింది.

తిరుగు ప్రయాణంలో ఒక గాలి విసురు వచ్చింది. వెనక చేతిని దగ్గరికి తీసుకున్నాను, బోర్డు కింద గలగల ఆగింది. ముందు కాలు నొక్కాను. ఒకటి, రెండు, మూడు... ఎనిమిది దాకా లెక్కపెట్టాను. ఆ తర్వాత సంతోషం పట్టలేక జెండా వైపు చూశాను, పడ్డాను.

నీళ్ళలోంచి తల ఎత్తితే జెండా దూరంగా లేదు. నాకు సూటిగా, ఈత వేస్తే పది బారల్లో ఉంది. గాలికి నేనే కొంచెం ఎగువన ఉన్నాను.

ఒడ్డున బావమరిది చెప్పులు చేతిలో పట్టుకుని, నా నడకకి తోడు రావడానికి లేచి నిలబడి ఉన్నాడు. "అదేంటి బావా," అన్నాడు, "ఇవాళ నడవవా?"